రేగడి నేల మీద ఇల్లు

1958 సెప్టెంబరు 14

అమ్మకు ఇవాళ మట్టి ఇచ్చాం. వాన పడుతూనే ఉంది. నల్లమట్టి పారలకు అంటుకుపోయి, తవ్వేవాళ్లు ప్రతి పోటుకూ ఆగి పుల్లతో గీక్కోవాల్సి వచ్చింది.

1958 సెప్టెంబరు 16

ఎవరితోనూ అనలేను గనక ఇక్కడ రాసుకుంటాను.

శనివారం పొద్దున అమ్మకు ఊపిరి ఎగదన్నడం మొదలైంది. మేము అద్దెకున్న వసారా యలమందయ్యగారిది. మంచివాడు. అద్దె ఆలస్యమైనా, బోర్డు బడి పంతుళ్లకు జీతాలు ఎప్పుడొస్తాయో ఆయనకూ తెలుసు గనక, ఏనాడూ మొహం చిట్లించలేదు. అలాంటి మనిషి గుమ్మం అవతల నిలబడి నేల చూస్తున్నాడు.

“మాస్టారూ, ఏమనుకోబాకండి. మా ఇంటిది లోపల ఏడుస్తా కూర్చుంది. ఇయ్యాళ నక్షత్రం మంచిది కాదంట, పంచాంగం చూపించాం. ఇంట్లో ప్రాణం పోతే ఆరునెల్లు ఇల్లు పాడుపెట్టి పోవాలంట. పిల్లాజెల్లా ఉన్న కొంప. అమ్మని మన పత్తి కొట్టంలోకి మార్చుకుందాం. మంచం నేనే పడతాను.”

మేము సాయిబులం, ఆ నక్షత్రాలు మాకు పట్టవు అని చెప్పవచ్చు. కానీ ఇల్లు ఆయనది. మంచానికి ఒక పక్క ఆయన పట్టాడు, రెండో పక్క నేను పట్టాను. వానలో అమ్మ తల మీద నా భార్య గుల్జార్ తన కొంగు పట్టుకుని నడిచింది.

కొట్టంలో పత్తిగింజల బస్తాల మధ్య మంచం దించాం. అమ్మ కళ్లు తెరిచి పైకప్పు చూసింది.

“ఒరేయ్ ఆదాం, ఇదెవరి ఇల్లురా?”

“మనదేనమ్మా.”

“మనదా? ఎప్పుడు కొన్నావురా?”

నేను జవాబు చెప్పేలోపే అయిపోయింది. యలమందయ్యగారు వేణ్నీళ్లు కాయించి పంపాడు. ఖబరస్తాన్ దాకా వచ్చాడు, చెప్పులు విడిచి గోడ బయట నిలబడ్డాడు. ఆయన్ని తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా చేశాడు.

1958 అక్టోబరు 2

ఇల్లు కొంటాను.

1958 అక్టోబరు 11

గుల్జార్‌కు చెప్పాను. బర్రె దగ్గర కూర్చుని పాలు పితుకుతోంది. చెయ్యి ఆపలేదు.

“మనకెందుకండీ ఇల్లు?” అంది.

అద్దె కట్టడమంటే ఏట్లో పోయడమేనని, ఎన్నేళ్లు కట్టినా గడ్డిపోచ కూడా మనది కాదని చెప్పాను. క్లాసులో చెప్పినట్టే విడమరిచి చెప్పాను.

“ఏట్లో పోస్తే పోసాం. పెంకు కారితే యలమందయ్యగారు ఎక్కి సరిచేస్తున్నాడు. గోడ కూలితే, కూలిందిలే అని ఇంకో గడపకి పోతాం. మనదే కూలితే ఎవరి గడపకి పోవాలి? గొప్పోళ్లకి ఇల్లు చివర కొనే వస్తువండీ, మనబోటోళ్లకి మాత్రం ఉన్నదంతా ఊడ్చి మొదటే కొనమంటారు.”

“మొన్న అమ్మను ఎక్కడ పెట్టామో మర్చిపోయావా?”

“మర్చిపోలేదు. అత్తమ్మని ఒక పూట అక్కడ పెట్టాం. ఆ ఒక్క పూట కోసం మనం బతికినన్నాళ్లూ కట్టుకుంటా కూర్చోవాలా?”

ఆడవాళ్లకు దూరాలోచన ఉండదు. ఇల్లు కట్టి చూడు అన్నారు గానీ కొనొద్దని పెద్దలెవరూ అనలేదే.

1958 అక్టోబరు 30

బడి వెనక వీధిలో పెంకుటిల్లు ఉంది. మట్టి గోడలు, సున్నం కొట్టి తెల్లగా కళకళలాడుతున్నాయి. రెండు గదులు, వెనక వంటపాక, నాలుగు వంకాయ మొక్కలకు చోటు. యజమానులు గుంటూరు వెళ్లిపోతున్నారు, త్వరగా అమ్మాలి. గోడ మీద చెయ్యి వేసి చూశాను. చల్లగా, నున్నగా ఉంది.

1958 నవంబరు 6

యలమందయ్యగారు పొలం నుంచి వస్తూ నన్ను ఆపాడు.

“ఇల్లు చూశారంట. మంచిదే మాస్టారూ. ఒక మాట చెప్తాను, ఇనుకోండి. మీది వినుకొండ, రాతి నేల. గునపం వేస్తే ఖంగుమంటది. ఇక్కడ రేగడి. వానలకి ఉబ్బుద్ది, ఎండలకి నోరు తెరుస్తది. కార్తీకంలో ఏ గోడైనా పెళ్లికూతురే. రేగట్లో ఇల్లు చైత్రం, వైశాఖంలో చూసి కొనాలి. నాలుగు నెల్లు ఓపిక పట్టండి.”

ఈయన వసారాలో ఇంకో నాలుగు నెలలు ఉండమని సలహా! ఇంకెవరు చెప్పినా విందును. మా అమ్మ మంచం మోసి బయట పెట్టిన చేతుల్ని ఊపుతూ నాకు ఇంటి సంగతి చెబుతున్నాడు. “మీ దయ” అని చెప్పి వచ్చేశాను.

1958 నవంబరు 21

రిజిస్ట్రీ అయింది. అమ్మ వెండి కడియాలు, గుల్జార్ మెడలోది, బర్రె, అన్నీ పోయాయి. బర్రె ఆవిడ సొంతం. పాలు అమ్మి కూడబెట్టి కొనుక్కున్న దూడ పెరిగి బర్రె అయింది. బేరగాడు తోలుకుపోతుంటే గుల్జార్ వీధి చివరి దాకా వెంట వెళ్లి, దాని పొదుగు అటూ ఇటూ తాకనీయొద్దని వాడికి జాగ్రత్తలు చెప్పి వచ్చింది.



1958 డిసెంబరు 3

గోడకు మేకు కొట్టాను. లాల్చీ తగిలించాను. మేకు కొట్టుకోవచ్చా అని ఎవర్నీ అడగలేదు. నలభై ఏళ్ల వయసులో మేకు కొట్టి మురిసిపోయే మగాడు ఈ జిల్లాలో నేనొక్కడినే అయి ఉంటాను.

రెండో మేకు కూడా కొట్టాను. దానికి తగిలించడానికి ఏమీ లేదు.

1958 డిసెంబరు 19

మా అమ్మాయి కరీమున్‌కు ఎనిమిదేళ్లు. మొదట్లో పాలన్నం అడిగేది. ఇప్పుడు అడగడం మానేసింది. పిల్లలు తొందరగా అలవాటుపడతారు.

1959 ఏప్రిల్ 9

రేపు రంజాన్ పండగ. సొంత ఇంట్లో మొదటి పండగ. సున్నం కొడదామని మంచం జరిపితే పడమటి గోడ మూల నుంచి పైదాకా సన్నగా గీత కనిపించింది. జుట్టు వెంట్రుక అంత. దాని మీదుగా రెండు పూతలు వేశాను.

1959 ఏప్రిల్ 23

పగులు చిన్నదే.

1959 మే 10

పగులు పెద్దదేమీ కాదు. కరీమున్ బలపం లోపలికి పోయింది. పుల్లతో తీయబోతే ఇంకా లోపలికి పోయింది.

1959 మే 24

పగుల్లోంచి వీధి కనబడుతోంది. గాలి బాగానే వస్తోంది. ఎండాకాలం మిగతావాళ్లు ఉక్కతో చస్తుంటే మాకు ఆ బాధ లేదు అన్నాను. కరీమున్ నవ్వింది. గుల్జార్ పాత చీర పేలికలు చుట్టి పగుల్లో కుక్కుతోంది, నా వైపు చూడలేదు.

గడప ముందు నేల కూడా నెర్రెలు విచ్చింది. యలమందయ్యగారు దారిన పోతూ గోడ చూశాడు. నేను చెప్పానా అంటాడని ఎదురుచూశాను. ఆయన దారిన ఆయన వెళ్లాడు. సాయంత్రానికి తన పాలేరుతో తొక్కిన మట్టి, వరిగడ్డి రెండు తట్టలు పంపాడు. తిప్పి పంపుదామనుకున్నాను. గుల్జార్ అప్పటికే చేతులకు మట్టి పూసుకుని మెత్తడం మొదలుపెట్టింది.

1959 జూలై 12

వానలు పడ్డాయి. పగులు దానంతట అదే మూసుకుంది! వేలు పెట్టి చూస్తే గోడ గోడలాగే ఉంది. పైన కొత్తగా మెత్తి సున్నం కొట్టాను. అనవసరంగా బెంగపెట్టుకున్నాం.

1959 జూలై 30

గుల్జార్‌కు నెలసరి ఆగడం లేదు. మూడు వారాలుగా ఇదే వరస అని ఇవాళ చెప్పింది. అద్దంకి నుంచి వచ్చే మందులాయన కషాయం ఇచ్చాడు. గోళ్లు తెల్లగా పాలిపోయాయి.

1959 ఆగస్టు 22

గుంటూరు వెళ్లి వచ్చాం. లేడీ డాక్టరమ్మ చాలాసేపు పరీక్ష చేసింది. గర్భసంచిలో గడ్డ ఉందంది. ఆపరేషన్ చేస్తే బాగైపోతుందట, భయపడాల్సిందేమీ లేదట. అయితే ముందు రక్తం ఎక్కించాలి, అది కొనాలి. నెల రోజుల పైన అక్కడే ఉండాలి, తోడు ఒకరుండాలి. నాకు జీతం లేని సెలవు. “దసరా దాటనివ్వకండి” అని రెండుసార్లు చెప్పింది.

బస్సులో గుల్జార్ కిటికీ పక్కన కూర్చుంది. చిలకలూరిపేట దాటాక పత్తి చేలు పచ్చగా కనబడుతుంటే, “ఈ ఏడు పంట బాగుంది” అంది. సంతోషంగానే ఉంది. బాగైపోతుందని చెప్పారు కదా.

1959 సెప్టెంబరు 5

అడగాల్సిన చోటల్లా అడిగాను. వినుకొండ బావమరుదులు ఉన్నంతలో ఇస్తామన్నారు. వాళ్లకు ఉన్నదెంత?

1959 సెప్టెంబరు 13

“ఇల్లు అమ్మేద్దామండీ” అంది గుల్జార్.

ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు అంటుందని నాకు తెలుసు.

“అమ్మి?”

“నా గడ్డ తీయించండి. నేను లేచి తిరిగితే మళ్లీ బర్రెని కొనుక్కుంటాను. యలమందయ్యగారి వసారా ఖాళీగానే ఉందంట.”

అమ్మ పోయి సరిగ్గా ఏడాది అయిన రోజునే ఆ వసారా పేరు ఎత్తింది. కోపం పట్టలేక బడికి వెళ్లిపోయాను. బడికి సెలవు. అరుగు మీద కూర్చుని వచ్చాను.

అమ్ముతానులే అని చెప్పాను.

1959 అక్టోబరు 4

ఇల్లు అమ్ముతానని నలుగురికీ చెప్పాను. ఇద్దరికి చెప్పాను.

1959 అక్టోబరు 13

దసరా అయిపోయింది. బడి తనిఖీ ఉందట, అది కానిచ్చి గుంటూరు సంగతి చూడాలి. గుల్జార్ ఇవాళ కొంచెం తేలిగ్గా ఉంది. గంజి రెండు గ్లాసులు తాగింది.

1959 నవంబరు 8

మాబూబీ వచ్చింది. ఊరూరా గాజుల మలారం భుజాన వేసుకుని తిరిగే మనిషి, మొగుడు పోయి చాలాకాలమైంది. మార్టూరులో ఎవరిదో పంచలో ఉంటోంది. గుల్జార్ అంటే ప్రాణం పెడుతుంది. ఇల్లు కొంటానంది. డబ్బు సిద్ధంగా ఉందట, మాట అనుకుంటే రేపే ఇస్తానంది.

గోడలు నిరుటి కార్తీకంలో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. తెల్లగా, నున్నగా.

నాకు మనసొప్పలేదు. నాలాంటిదే ఒక బీద మనిషి, గాజు మీద గాజు అమ్మి కూడబెట్టిన సొమ్ము. నన్ను మోసం చేసినట్టు నేనెవర్నీ మోసం చేయను. పడమటి గోడ దగ్గరకు తీసుకెళ్లి, చాకుతో సున్నం గీకి, లోపలి పేలికలు పైకి లాగి చూపించాను. “అక్కా, ఎండాకాలంలో ఇది బెత్తెడు విచ్చుకుంటుంది. రాబోయే వైశాఖానికి నిలబడుతుందో లేదో చెప్పలేను. పెంకులతో సహా మీద పడినా పడుతుంది. అద్దెకుంటే నీకు ఏ బాదరబందీ ఉండదు. చేతిలో డబ్బు పెట్టుకుని హాయిగా ఉండు. మనలాంటివాళ్లకు ఇల్లు దండగ” అన్నాను. వంటపాక దూలానికి పుచ్చు పట్టిన చోటు కూడా చూపించాను. ఇంత నిజం ఎవరు చెబుతారు?

మాబూబీ తమలపాకు నములుతూ గోడను చూడకుండా నన్నే చూసింది. “మంచిది మాస్టారూ” అని మలారం భుజాన వేసుకుంది. పోతూ లోపలికి వెళ్లి గుల్జార్ దగ్గర కాసేపు కూర్చుంది.

తరవాత గుల్జార్ అడిగింది. “మాబూబీకి ఏం చెప్పారు?”

“నిజం చెప్పాను.”

“సరే” అని గోడ వైపు తిరిగి పడుకుంది.

1959 నవంబరు 9

నిజం చెప్పడం తప్పా? బడిలో పిల్లలకు చెప్పేది ఇంట్లో చేయకపోతే ఎట్లా?

1959 నవంబరు 15

నిజమే చెప్పాను.

1959 డిసెంబరు 1

ఇంకో బేరం వస్తుంది.

1959 డిసెంబరు 20

బేరాలు లేవు. గుల్జార్ మంచం దిగడం లేదు. కాళ్లు పొంగాయి. వంట నేనూ కరీమునూ కలిసి చేస్తున్నాం. పిల్ల పొయ్యి ఊది ఊది కళ్లు ఎర్రగా చేసుకుంటోంది. పప్పు మాడింది. “మాస్టారి పప్పు కూడా బెత్తం దెబ్బ తిన్నట్టుంది” అని గుల్జార్ నవ్వింది. ఆ నవ్వుతోనే అంది:

“మీరు పోవడానికి ఇల్లు కొన్నారండీ. బతకడానికి నా దగ్గర ఒకటుండేది, దాన్ని తోలేశారు.”

నిష్ఠూరంగా అనలేదు. అంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అందును.

1960 జనవరి 7

బావమరుదులు ఉన్నదంతా పట్టుకొచ్చారు. గుంటూరు తీసుకెళ్లాం. డాక్టరమ్మ గుల్జార్ కనురెప్ప తిప్పి చూసి, నన్ను బయటికి పిలిచింది. ఇప్పుడు కత్తి పెడితే తట్టుకునే శక్తి లేదంది. ఇన్నాళ్లు ఏం చేశారని అడిగింది.

ఇల్లు అమ్ముడుపోలేదండీ అన్నాను.

1960 జనవరి 12

గుల్జార్ పోయింది.

1960 జనవరి 15

ఎవరూ మంచం జరపమనలేదు. పంచాంగం ఎవరూ చూడలేదు. పడమటి గోడ పక్కన, మా గదిలో, మా పెంకుల కింద పోయింది. వచ్చిన ఆడవాళ్లందరూ అదే మాట. “సొంతింట్లో దాటిపోయింది, పుణ్యాత్మురాలు” అన్నారు. మాకు వరసయ్యే పెద్దాయన ఒకాయన నా భుజం తట్టి, “ముందుచూపున్న మనిషివి, ఇల్లు అమర్చావు” అన్నాడు. ఆ చెయ్యి విసిరికొట్టాలనిపించింది.

యలమందయ్యగారు అరుగు కింద నిలబడి ఉన్నాడు. లోపలికి రండి అన్నాను. మా ఇల్లే కదా, రమ్మనొచ్చు. రాలేదు. ఆయన కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, నాకు రావడం లేదు.

1960 జనవరి 29

ఇంట్లో ఆవిడ గొంతు లేదు. ఎక్కడ చూసినా గోడలే. గుల్జార్ లేకుండా బతకడం నాకు చేతకాదు. ఇది ఎవరికీ చెప్పలేదు.

1960 ఫిబ్రవరి 20

నలభయ్యో రోజు ఫాతెహా అయింది. అందరూ భోంచేసి వెళ్లాక మాబూబీ మిగిలింది. గిన్నెలు కడిగింది, కరీమున్‌కు జడ వేసింది. నా దగ్గరకు వచ్చి కూర్చుంది. ఏదో ఒకటి మాట్లాడాలి గనక, ఆ రోజు పగుళ్ల సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను అక్కా, నిన్ను మోసం చేయడం ఇష్టంలేక చెప్పాను అన్నాను.

“పగుళ్లా?” అంది. “నాకు తెలియందా మాస్టారూ? నిరుడు రంజానుకి గాజులు తొడుగుతుంటే ఆ గోడ చూపించి గుల్జారమ్మే చెప్పింది. పగిలిన ఇల్లని తెలిసే వచ్చాను. అందుకేగా ధర తగ్గించి చెప్పింది. ధర మేమిద్దరం ముందే అనుకున్నాం. ఏటా ఇంత మట్టి మెత్తుకుంటా పడుండేదాన్ని, నాకేం?”

“మరి ఎందుకు వెళ్లిపోయావు?”



“మీరు చాకు పెట్టి ఆ గోడ గీకుతుంటే చూశాను. ఈ మనిషికి ఇల్లు ఇచ్చే మనసు లేదనుకున్నా. మనసు లేనోడి ఇల్లు పుచ్చుకుంటే కలిసిరాదంటారు. లోపలికి పోయి గుల్జారమ్మకి అదే చెప్పా. ‘నాకు తెలుసులే మాబూబీ, ఆయనతో మాత్రం అనబాక’ అని నా చేత ఒట్టేయించుకుంది. ఇప్పుడు ఆమే లేదు, ఒట్టుతో పనేముంది.”

అంటే ఆ రోజు సరే అని గోడ వైపు తిరిగినప్పుడు గుల్జార్‌కు అన్నీ తెలుసు. ఆ తరవాత రెండు నెలలు నాతో నవ్వుతూనే మాట్లాడింది. తెలిసి కూడా ఒక్కసారి మళ్లీ అడగలేదు. ఎందుకు అడగలేదు గుల్జార్? ఒక్కసారి అరిస్తే ఇచ్చేవాణ్నే. ఇచ్చేవాణ్ణా?

వంటపాకలో కరీమున్ పొయ్యి ఊదుతున్న చప్పుడు వినబడుతోంది. పిల్లను వినుకొండ పంపితే మేనమామలు కడుపులో పెట్టుకుని చూస్తారు. అక్కడ ఆడపిల్లల బడి ఉంది. నేను ఒక్కణ్ని, ఎక్కడైనా పడుంటాను.

మాబూబీ కొంగు ముడి విప్పి, మళ్లీ వేసుకుంది.

“నా డబ్బు అట్టానే ఉంది మాస్టారూ. ఇప్పుడైనా ఇస్తారా?”

ఇస్తానని చెప్పడానికే నోరు తెరిచాను.

“ఇవ్వనక్కా” అన్నాను.